మూడో ఏడాది అద్దె ఎవరు కడతారు?

హనుమకొండ,
9 నవంబరు 2025, ఆదివారం.

ప్రియమైన పద్మా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. మీ తమ్ముడి కూతురు లా చివరి ఏడాదిలోకి వచ్చిందనీ, పేదవాళ్ల కేసులే చేస్తానని పట్టుబట్టిందనీ, మీ తమ్ముడేమో హైదరాబాద్‌లో ఏదో ఒక కంపెనీ లీగల్ డిపార్ట్‌మెంట్‌లో చేరమని పోరుతున్నాడనీ చెప్పావు. "ఆ పనికి జీతమిచ్చేవాళ్లు అసలున్నారా? ఉంటే దాని వైపు మాట్లాడతా, లేకుంటే తమ్ముడి వైపు మాట్లాడతా" అన్నావు. ఫోన్లో చెబుదామంటే నువ్వు మధ్యలో అడ్డుపడకుండా ఉండవు. మస్కట్‌లో కూర్చుని తీరిగ్గా చదువుకో. చదివాక పిల్లకు తప్పకుండా పంపు.

డబ్బు సంగతి ఎత్తితే దాని ఆశయాన్ని తక్కువ చేసినట్టవుతుందేమోనని నసిగావు. నన్నడిగితే మొదట తేల్చుకోవాల్సింది డబ్బు సంగతే. మన దగ్గర జనం కేసులు మోసినవాళ్లను తలుచుకో. నక్సలైట్ల మీద పెట్టిన పార్వతీపురం కుట్ర కేసు వాదించిన కన్నబిరాన్, మన కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పి తర్వాత నల్లకోటు వేసుకున్న బాలగోపాల్, కారంచేడులో దాడికి గురైన దళితుల వెంట నిలిచిన బొజ్జా తారకం. వాళ్లకు ఏ ఫెలోషిప్పూ లేదు. వేరే కేసుల మీద వచ్చే ఫీజులు, ఇంట్లో ఇంకొకరి సంపాదన, స్నేహితుల చేయూత, ఇలాంటి ఆసరాలతోనే మన దగ్గర ఈ పని ఏళ్ల తరబడి నడిచింది. వాళ్ల గొప్పతనం గురించి నాకు రెండో మాట లేదు. కానీ ఆసరా ఉన్నవాళ్లే చేయగల పనిగా అది మిగిలిపోతే, ఎవరి కోసం ఆ కేసులు వేస్తామో వాళ్ల పిల్లలు ఎప్పటికీ ముద్దాయిలుగానో సాక్షులుగానో తప్ప కోర్టులోకి రారు. మీ ఇంట్లో లా చదివిన మొదటి పిల్ల అది. దానికి జీతం కావాలి. అడగడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

పిల్ల మనసులో ఉన్నది సుప్రీంకోర్టు, ప్రజాప్రయోజన వ్యాజ్యాలు, టీవీలో వచ్చే తీర్పులు అయ్యుంటుంది. ఆ వయసులో మనకూ అంతేగా. 1979లో బీహారు జైళ్లలో విచారణ లేకుండా మగ్గుతున్నవాళ్ల గురించి పేపర్లో వచ్చిన వార్త చూసి కపిలా హింగోరాణీ పిటిషన్ వేసింది. హుస్సేనారా ఖాతూన్ కేసు. పడాల్సిన శిక్ష కంటే ఎక్కువ కాలం లోపలే ఉండిపోయినవాళ్లు బయటికొచ్చారు. సత్వర విచారణ హక్కనీ, వకీలును పెట్టుకోలేనివాడికి ప్రభుత్వమే వకీలును ఇవ్వాలనీ కోర్టు చెప్పింది. అదంతా నిజమే. అయినా 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే అని ప్రభుత్వ లెక్కే చెబుతోంది. నలుగురిలో ముగ్గురన్నమాట. తీర్పు ఢిల్లీలో వస్తుంది. అది జిల్లాలో ఒక మనిషికి అందాలంటే ఆ ఫైలు పట్టుకుని మేజిస్ట్రేటు ముందు నిలబడే వకీలు కావాలి. ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నదీ ఆ చోటే.

ఇవాళ తేదీ చూశావా? న్యాయసేవల చట్టం 1987లో చేసినా అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న. సరిగ్గా ముప్పై ఏళ్లు. దాని 12వ సెక్షన్ కింద ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలునివ్వాలి. మనం ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో లీగల్ ఎయిడ్ అంటే ప్యానల్ లాయరు, కేసుకింత అని ఇచ్చే చిన్న ఫీజు, అది ఎప్పుడొస్తుందో తెలియని బిల్లు. ప్యానల్ ఇప్పుడూ ఉంది. కానీ 2022లో వచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతి వేరు. జిల్లా కేంద్రంలో ఆఫీసు పెట్టి, క్రిమినల్ కేసుల కోసమే పూర్తికాలం వకీళ్లను తీసుకుంటారు. చీఫ్‌కు పదేళ్లు, డిప్యూటీకి ఏడేళ్లు ప్రాక్టీసు ఉండాలి. అసిస్టెంటుకు సున్నా నుంచి మూడేళ్లు చాలు. సున్నా అన్న మాట పిల్లకు గీత గీసి చూపించు. ఎన్‌రోల్ అయిన మర్నాటి నుంచే అర్హత ఉన్న, నెలనెలా డబ్బు వచ్చే కోర్టు పని మన కాలంలో ఎక్కడుంది చెప్పు?

షరతులూ ఉన్నాయి. మొదట రెండేళ్ల కాంట్రాక్టు, తర్వాత పనితీరు చూసి పొడిగిస్తారు. ఆ కాలంలో సొంత ప్రాక్టీసు చేయకూడదు. జిల్లా తరగతిని బట్టి గౌరవ వేతనం మారుతుంది. కంపెనీ జీతంతో పోల్చుకుంటే మీ తమ్ముడు ముఖం చిట్లిస్తాడు. కానీ అక్కడ రెండేళ్లు పనిచేసిన పిల్ల చేసే క్రాస్ ఎగ్జామినేషన్ చూడు, పెద్ద ఆఫీసులో రెండేళ్లు వాయిదాలు రాసుకున్న జూనియరు చేసే క్రాస్ చూడు. తేడా నీకే తెలుస్తుంది.

ఆ పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు పనికొచ్చినవాడిని సెల్‌ఫోన్ దొంగతనం కేసులో పట్టుకొచ్చారనుకో. బెయిలు వస్తుంది. ఇద్దరు ష్యూరిటీలు కావాలంటారు. ఇక్కడ వాడికి ఇల్లెక్కడిది, వాడి కోసం పన్ను రసీదు తెచ్చే మనిషెక్కడివాడు? బెయిలు కాగితం చేతికొచ్చినా వాడు లోపలే ఉంటాడు. ఇట్లాంటివాళ్ల గురించే 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. బెయిలొచ్చి వారమైనా మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు న్యాయసేవల సంస్థకు చెప్పాలి. నెలైనా పూచీకత్తు పెట్టలేకపోతే కోర్టే షరతులు సడలించే సంగతి ఆలోచించాలి. అదే ఏడు కేంద్రం పేద ఖైదీల కోసం పెట్టిన పథకం కింద బెయిలు పూచీకి మొదట 40,000 రూపాయల దాకా ఇవ్వొచ్చన్నారు. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఉంది. అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే బాండు మీద వదలాలి. ఉరి, యావజ్జీవం పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవాళ్లకూ అది వర్తించదు. ఇవన్నీ పుస్తకంలో ఉన్న మాటలే. ఎవరో ఒకరు జైలుకు పోయి, వాడి పేరు, రిమాండ్ తేదీ, సెక్షన్లు రాసుకుని, లెక్కగట్టి, పిటిషన్ కొడితే తప్ప కదలవు. మన వరంగల్ సెంట్రల్ జైలును 2021లో కూల్చి అక్కడ ఆస్పత్రి మొదలుపెట్టారు కదా, అప్పట్లో మన ఖైదీలను వేరే జిల్లాల జైళ్లకు పంపారు. అంత దూరం పోయి ముద్దాయితో మాట్లాడి రావడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. మీ పిల్లకు బస్సు ప్రయాణం పడుతుందా?

క్రిమినల్ పని వద్దంటే స్త్రీ శిశు సంక్షేమ శాఖ వైపు చూడమను. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసరు పోస్టు ఉంటుంది. సఖి కేంద్రాల్లో న్యాయ సలహా ఇచ్చేవాళ్లు కావాలి. ఆంధ్రలో గృహహింస సెల్స్‌లో లీగల్ కౌన్సెలర్లు ఉన్నారు. ఇవన్నీ కాంట్రాక్టు ఉద్యోగాలే, జిల్లా స్థాయి నోటిఫికేషన్లు. పేపర్లో మూలన చిన్న ప్రకటనగా వచ్చిపోతాయి కాబట్టి జిల్లా వెబ్‌సైట్ చూస్తూ ఉండాలి. ఒక ఆడమనిషి రాత్రిపూట బిడ్డతో వచ్చి కూర్చున్నప్పుడు ముందు రక్షణ ఉత్తర్వు అడగాలా, భరణం అడగాలా, పోలీసు కేసు పెట్టాలా అన్నది అక్కడి మనిషి నిమిషాల మీద తేల్చాలి. ఆ తర్ఫీదు ఏ కాలేజీలోనూ దొరకదు.

ఇక స్వచ్ఛంద సంస్థల సంగతి. చాలా రాష్ట్రాల్లో శాఖలున్న హ్యూమన్ రైట్స్ లా నెట్‌వర్క్, బెంగళూరులో ఆల్టర్నేటివ్ లా ఫోరం, ముంబైలో ఫ్లేవియా ఆగ్నెస్ మొదలుపెట్టిన మజ్లిస్, ఇంటర్నెట్ హక్కుల మీద ఢిల్లీలో పనిచేసే ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ లాంటివి కొత్త లాయర్లను తీసుకుంటూ ఉంటాయి. మన దగ్గరలోనే ఇంకోటి వచ్చింది. 2014లో ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో మరణశిక్షల మీద ఒక కేంద్రం మొదలైంది, తర్వాత ప్రాజెక్ట్ 39ఏ అని పేరు మార్చుకుంది. ఉరిశిక్ష పడ్డవాళ్లను దేశమంతా తిరిగి కలిసి 2016లో నివేదిక తెచ్చింది వాళ్లే. ఉరిశిక్ష పడ్డవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది ఆర్థికంగా చితికినవాళ్లేనని అందులో తేలింది. ఆ బృందం ఈ ఏడు శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి వచ్చి 'ది స్క్వేర్ సర్కిల్ క్లినిక్' అయింది. పుణె, నాగపూర్ జైళ్లలో విచారణ ఖైదీల కోసం వకీళ్లనూ సోషల్ వర్కర్లనూ కలిపి పనిచేయించిన అనుభవం వాళ్లది. పిల్ల ముందు అక్కడ ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించాలి. వకీలు చట్టం చూస్తుంది, సోషల్ వర్కరు ఆ మనిషి ఇల్లు చూస్తుంది. రెండూ కలిస్తేనే శిక్ష తగ్గించమని అడగడానికి కోర్టు ముందు ఏమైనా ఉంటుంది.

సంస్థలో చేరేముందు రెండు సంగతులు తెలుసుకోవాలి. ఒకటి, బార్ కౌన్సిల్ 49వ రూలు. ప్రాక్టీసు చేసే అడ్వకేటు ఎవరి దగ్గరా పూర్తికాలం జీతగాడిగా ఉండకూడదు. అందుకే చాలా సంస్థలు జీతమని రాయవు, రిటైనర్ అనో కన్సల్టెన్సీ ఫీజు అనో రాస్తాయి. పీఎఫ్ ఉండదు, ప్రసూతి సెలవు ఉంటుందో లేదో తెలియదు. కాగితం మీద ఏం రాస్తున్నారో, వకాలత్ తన పేరు మీద వేయొచ్చో లేదో సంతకానికి ముందే అడగాలి. రెండోది, డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందన్నది. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించి, వచ్చిన డబ్బును ఇంకో సంస్థకు మళ్లించడాన్ని ఆపేశారు. ఆఫీసు ఖర్చుల పరిమితిని సగం నుంచి 20 శాతానికి దించారు. పెద్ద సంస్థల ద్వారా డబ్బు అందుకుంటూ వచ్చిన జిల్లా స్థాయి చిన్న సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది. కాబట్టి "గ్రాంటు ఎప్పటిదాకా ఉంది" అని ఇంటర్వ్యూలో అడగడం తప్పు కాదు. అడిగితే కోపం వచ్చే ఆఫీసులో చేరకపోవడమే మంచిది.

ఫెలోషిప్పులు మంచివే. పీఆర్‌ఎస్ అనే చట్టసభల పరిశోధన సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్ ఉంది. వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఒక ఎంపీ దగ్గర పరిశోధన పని. పాతికేళ్ల లోపువాళ్లకే. చట్టం తయారయ్యే చోట కూర్చుంటే దాని కంతలు కనబడతాయి. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల దగ్గర లా క్లర్కుగా చేరితే 2024 నోటిఫికేషన్ ప్రకారం నెలకు 80,000. ఏడాది పని, కలం పదునెక్కుతుంది. మన ఎస్సీ, ఎస్టీ, బీసీ లా గ్రాడ్యుయేట్లకు సంక్షేమ శాఖలు స్టయిపెండ్ ఇచ్చి సీనియర్ల దగ్గర శిక్షణ ఇప్పించే పథకం ఉంది. డబ్బు చిన్నదే కానీ కాదనుకోవాల్సిన పని లేదు. ఆంధ్రలో 2019లో మొదలైన లా నేస్తం కింద కొత్త వకీళ్లకు మూడేళ్లపాటు నెలకు 5,000 అన్నారు. కిందటేడు బార్ కౌన్సిల్ కూడా జూనియర్లకు పట్నంలో 20,000, పల్లె ప్రాంతంలో 15,000 ఇవ్వమని సర్క్యులర్ పంపింది. అది సలహా మాత్రమే. మన బార్‌లో ఎంతమంది సీనియర్లు దాన్ని చదివారని అడిగితే నవ్వొస్తుంది.

వీటిలో చాలావాటికి ఒకటే తంటా. ఏడాదికో రెండేళ్లకో అయిపోతాయి. మూడో ఏడాది అద్దె ఎవరు కడతారన్న దగ్గర చాలామంది పిల్లలు జారిపోతారు. మనసు మారి కాదు, చేతిలో ఏమీ లేక. అమెరికాలో ఒక పెద్ద లా కంపెనీ 1988లో స్కాడెన్ ఫెలోషిప్పులు మొదలుపెట్టింది. రెండేళ్లు పేదల సంస్థలో పని, జీతం వాళ్లది. అక్కడైనా రెండేళ్లకు మించి పూచీ లేదు. అందుకని పిల్ల ఏ ఫెలోషిప్పు చూసినా పేరు పక్కనపెట్టి ఒకటే అడగాలి. అది ముగిసేసరికి ఒంటరిగా చేయగల పని ఏది నేర్చుకుని ఉంటాను? బెయిలు, క్రాస్, రిట్ డ్రాఫ్టు, రెవెన్యూ అప్పీలు, ఏదో ఒకటి చేతిలో ఉంటే అన్నం దొరుకుతుంది. రిపోర్టులూ సెమినార్లూ మాత్రమే మిగిలితే కష్టం.

జిల్లా అంటే చిన్నచూపు వద్దని కూడా చెప్పు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఎక్కడ పుట్టింది? అనంతగిరి, బొర్రా కొండల్లో. ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయకూడదన్న నిబంధన ప్రైవేటు గనుల లీజులకూ వర్తిస్తుందని ఆ తీర్పు చెప్పింది. కొండ మీది ఊళ్లు తిరిగినవాళ్లు ఆ లీజులు పట్టుకుని కదలకపోతే ఢిల్లీలో వాదించడానికి కేసే లేదు. చుండూరు చూడు. 1991లో దళితులను చంపితే, బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టించుకున్నారు. స్పెషల్ ప్రాసిక్యూటర్‌గా బి. చంద్రశేఖర్ నిలబడ్డాడు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అదీ చెప్పాలి దానికి. ఈ పనిలో గెలిచిన కేసు కూడా మళ్లీ చేజారొచ్చు. అయినా ఊరి మధ్యన కోర్టు కూర్చుంటే సాక్షులు ఎదురుగా నిలబడి చెప్పగలిగారు. ఆ పనికి ఊరి దారి తెలిసిన వకీలే కావాలి.

ఇప్పుడు వరస చెబుతాను, నచ్చితే పాటించమను. డిగ్రీ చేతికి రాగానే ఎన్‌రోల్‌మెంట్. కిందటేడు జూలైలో సుప్రీంకోర్టు చట్టంలో ఉన్న ఫీజుకు మించి తీసుకోవద్దని చెప్పింది, జనరల్‌కు 750, ఎస్సీ ఎస్టీలకు 125. అంతకుముందు వేలకు వేలు పోసినవాళ్లం మనం. తర్వాత ఆలిండియా బార్ పరీక్ష. ఆ వెంటనే డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసులో అసిస్టెంటుగా ప్రయత్నం. ఖాళీ లేకపోతే ట్రయల్ కేసులు చేసే మంచి సీనియరు దగ్గర. ఆఫీసు ఎంత పెద్దదన్నది అనవసరం. అక్కడ రెండేళ్లయ్యాక ఫెలోషిప్పుకు పోతే చెప్పడానికి దాని దగ్గర సొంత అనుభవం ఉంటుంది. విదేశీ ఎల్‌ఎల్‌ఎం స్కాలర్‌షిప్పులు, షెవెనింగ్ లాంటివి, అడిగేదీ అదే కదా. ఇంకో సంగతి మీ తమ్ముడి చెవిన వేయి. సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని ఈ మే నెలలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కోర్టులో గడిపే ఈ ఏళ్లు వృథా పోవు. పిల్ల మనసు మారినా మరో తలుపు తెరిచే ఉంటుంది. తండ్రులకు ఈ మాట బాగా పనిచేస్తుంది.

నువ్వేం చేయగలవో కూడా అడిగావు. ఫీజులు కట్టింది నువ్వే కదా, ఇంకొన్నాళ్లు మేనత్తగా చేయాల్సింది ఉంది. హాస్టల్ అద్దె, బస్ పాస్, ఒక లాప్‌టాప్, బేర్ యాక్టులు. ఇవి మొదటి ఏడాది నీవి. ఎంతవుతుందో నేను లెక్క వేసి పంపిస్తా. దానికి ఇచ్చేటప్పుడు ఎప్పటిదాకా ఇస్తావో తేదీ చెప్పి ఇవ్వు. తేదీ తెలిస్తే పిల్ల ఆలోచించి అడుగులు వేస్తుంది. అక్కడ మన జగిత్యాల, నిజామాబాద్ కార్మికులు జీతాలు ఎగ్గొట్టిన కంపెనీల మీద కాగితాలు రాయించుకోవడానికి మీ ఇంటికొస్తారని చెప్పావు కదా, ఎంబసీలో భారతీయ సంక్షేమ నిధికి వాళ్ల దరఖాస్తులు రాసేటప్పుడు ఈ పిల్లను వీడియో కాల్‌లో కూర్చోబెట్టు. ఒప్పంద పత్రం, పాస్‌పోర్టు కాపీ, జీతం స్లిప్పు, ఏ కాగితం లేకపోతే ఏ హక్కు ఆగిపోతుందో ఇప్పుడే నేర్చుకుంటుంది. నువ్వు కోటు వదిలేసి ఇన్నేళ్లయినా ఆ పని మానలేదని నాకు తెలుసు. దానికీ తెలియాలి.

కాబట్టి నీ ప్రశ్నకు నా జవాబు, పిల్ల వైపే మాట్లాడు. జీతం ఉంది, తక్కువే, కానీ ఉంది. మీ తమ్ముణ్ని ఒక సోమవారం పొద్దున పదిన్నరకు మా కోర్టుకు రమ్మను. పిల్లను కూడా తీసుకురమ్మను. డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసులో పనిచేసే ఆడపిల్లలతో కూర్చోబెడతా. జీతం ఎంత, ఎన్నో తారీఖున పడుతుంది, రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరుతున్నారు, అన్నీ వాళ్లనే అడగమను. నేను పక్కన ఉండను. ఉంటే వాళ్లు మొహమాటపడతారు.

బావగారిని అడిగానని చెప్పు. సంక్రాంతికి వస్తే ముందే రాయి, కోర్టు సెలవులు చూసుకుంటా.

నీ
సరళ